టెక్ సందేహాలు: ఆరోగ్య యాప్‌లు, వాచీల మీద ఏ చట్టం పనిచేస్తుంది?

ప్రశ్న: నా స్మార్ట్‌వాచ్‌లో ఈసీజీ ఉంది, రక్తంలో ఆక్సిజన్ శాతం కూడా చూపిస్తుంది. ఆక్సిజన్ పేజీ కింద ‘వైద్య అవసరాలకు కాదు’ అని రాసి ఉంది. ఈసీజీ దగ్గర అలా లేదు. ఎందుకీ తేడా?

జవాబు: ఆ ఫీచర్ ఎందుకోసమని కంపెనీ ప్రకటించిందో దాన్నిబట్టి వచ్చిన తేడా ఇది. వైద్య పరికరాల చట్టాలు ఎక్కడైనా ముందు చూసేది ఆ ప్రకటననే. ‘వ్యాయామంలో మీ శరీరం ఎలా స్పందిస్తోందో చూసుకోండి’ అంటే అది వెల్‌నెస్ ఫీచర్, దానిమీద నియంత్రణ తక్కువ. ‘గుండె లయ తప్పిందేమో గుర్తిస్తుంది’ అన్నారంటే అది వైద్య పరికరం, పరీక్షల ఫలితాలు చూపించి అనుమతి తెచ్చుకోవాల్సిందే. ఆపిల్ వాచ్ ఈసీజీకి అమెరికాలో మందులను, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ 2018లో ‘డి నోవో’ (అంతకుముందు అలాంటిది లేని కొత్త రకం పరికరాలకు వాడే) పద్ధతిలో అనుమతి ఇచ్చింది. ఆక్సిజన్ కొలిచే ఫీచర్‌ను అదే కంపెనీ 2020లో వెల్‌నెస్ కింద తెచ్చింది. ఒకే వాచీలో రెండు ఫీచర్లకు రెండు రకాల హోదా ఉండటం మామూలే.

అనుమతి ఉన్న ఫీచర్‌కూ హద్దులుంటాయి, వాటిని తప్పకుండా చదవండి. ఫోన్‌లోని యాప్‌లో ‘వాడే విధానం’ పేజీ తెరిస్తే కనిపిస్తాయి. ఆపిల్ ఈసీజీ 22 ఏళ్లు నిండినవారికే ఉద్దేశించింది. అది వెతికేది ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే లయ దోషాన్ని. మణికట్టుకూ వేలికీ మధ్య ఒక్క లీడ్‌తో (గుండె విద్యుత్ సంకేతాన్ని ఒకే కోణం నుంచి చూస్తూ) తీసే రీడింగ్ అది, గుండెపోటును పట్టుకోలేదు. ఆసుపత్రిలో 12 లీడ్లతో ఈసీజీ తీసేది అందుకే. ఛాతీ నొప్పి ఉన్నప్పుడు వాచీలో ‘సైనస్ రిథమ్’ (గుండె లయ మామూలుగానే ఉంది) అని వచ్చింది కదా అని దయచేసి ఆగిపోవద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఇంకో దేశంలో కొన్న వాచీలో ఈసీజీ కనిపించకపోవడానికి కారణమూ అనుమతే. ఏ దేశానికా దేశంలో విడిగా తెచ్చుకోవాలి కాబట్టి, అది రాని చోట కంపెనీ సాఫ్ట్‌వేర్‌లోనే ఫీచర్‌ను ఆపేస్తుంది. ఇంటర్నెట్‌లో దొరికే మార్పు చేసిన యాప్ వేసుకుని దాన్ని తెరవకండి. ఆ రీడింగ్‌కు బాధ్యత వహించేవారు ఉండరు.

ప్రశ్న: సూది గుచ్చకుండా షుగర్ చూపే వాచీ ఒకటి ఆన్‌లైన్‌లో ఉంది. ‘ఎఫ్‌డీఏ రిజిస్టర్డ్’ సర్టిఫికెట్, సీఈ గుర్తు రెండూ పెట్టారు. నమ్మొచ్చా?

జవాబు: వద్దు. రిజిస్ట్రేషన్ అంటే ఫలానా కంపెనీ ఉందని జాబితాలో నమోదు కావడం, అంతే. ఎఫ్‌డీఏ అలాంటి సర్టిఫికెట్లు అసలు ఇవ్వదు. అనుమతి ఉంటే కే లేదా డీఈఎన్ అక్షరాలతో మొదలై ఆరంకెలుండే నంబర్ ఉంటుంది (ప్రమాదం ఎక్కువగా ఉండే పరికరాలకు పీ అక్షరంతో). ఎఫ్‌డీఏ వెబ్‌సైట్లోని పరికరాల డేటాబేస్‌లో దాన్ని కొట్టి, పేరు, ఉపయోగం సరిపోయాయో లేదో చూడండి. ఐరోపా ప్రమాణాలకు సరిపోయిందని తయారీదారు వేసే సీఈ గుర్తు చార్జర్ మీద కూడా ఉంటుంది, అది విద్యుత్ భద్రతకో రేడియో ప్రమాణాలకో కావచ్చు. మధ్యస్థాయి, అంతకుమించిన ప్రమాదం ఉన్న వైద్య పరికరమైతే సీఈ పక్కన తనిఖీ సంస్థకు చెందిన నాలుగంకెల నంబర్ ఉండి తీరాలి. చర్మం గుచ్చకుండా తమంతట తామే గ్లూకోజ్ కొలిచే వాచీకిగానీ ఉంగరానికిగానీ తాము అనుమతి ఇవ్వలేదని ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. అలాంటి వాచీ చూపే అంకెను నమ్మి ఇన్సులిన్ వేసుకుంటే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు.

ప్రశ్న: ఆసుపత్రి రిపోర్టులను ఒక ఆరోగ్య యాప్‌లోకి ఎక్కించాను. డాక్టర్లు పాటించే గోప్యత ఆ యాప్‌కూ వర్తిస్తుందా? డిలీట్ చేస్తే పోతాయా?

జవాబు: చాలాచోట్ల వర్తించదు, ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. అమెరికాలో 1996 నాటి హిపా చట్టం ఆసుపత్రులను, బీమా సంస్థలను, వాటి తరఫున పనిచేసే కంపెనీలను కట్టడి చేస్తుంది. మీరే రిపోర్టు తీసుకెళ్లి మీకు నచ్చిన యాప్‌లో పెడితే ఆ రక్షణ దానివెంట రాదు. అక్కడ వినియోగదారుల రక్షణ సంస్థ ఎఫ్‌టీసీ వేరే నిబంధనతో పట్టుకుంటుంది. వాడుకరుల సమాచారాన్ని ప్రకటనల కంపెనీలకు చేరవేసినందుకు మందుల మీద రాయితీలు చూపే గుడ్‌ఆర్ఎక్స్ మీద 2023లో 15 లక్షల డాలర్ల జరిమానా పడింది అలాగే. ఐరోపాలో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం జీడీపీఆర్‌లోని 9వ అధికరణం ఆరోగ్య సమాచారాన్ని ఎవరి దగ్గరున్నా ప్రత్యేక తరగతిగా చూస్తుంది. భారత్‌లో 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో అలాంటి ప్రత్యేక తరగతి లేదు, అన్ని వివరాలతోపాటే ఇదీ.

యాప్‌ను ఫోన్‌లోంచి తీసేసినంతమాత్రాన సర్వర్లో ఉన్నది పోదు. ముందు మీ రికార్డులను ఎక్స్‌పోర్ట్ చేసుకోండి, ఖాతా పోయాక ఆ అవకాశం ఉండదు. తర్వాత హెల్త్ కనెక్ట్ (ఆండ్రాయిడ్) లేదా ఆపిల్ హెల్త్ (ఐఫోన్) సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కిచ్చిన అనుమతులన్నీ రద్దు చేయండి. అప్పుడు యాప్ లోపల ‘ఖాతా తొలగించు’ నొక్కండి. ఖాతా తెరిపించే యాప్‌లలో ఈ సౌకర్యం ఉండాలని ఆపిల్, గూగుల్ స్టోర్లు రెండూ నిబంధన పెట్టాయి. చివరగా ప్రైవసీ పాలసీలోని చిరునామాకు ఈమెయిల్ పంపండి: ఏమేం తొలగించారు, ఎవరెవరికి ఇచ్చారు అని అడుగుతూ. జీడీపీఆర్ కింద నెలలోగా జవాబివ్వాలి, చిక్కైన విషయమైతే మరో రెండు నెలలు. ఆసుపత్రి సొంత యాప్ అయితే వైద్య రికార్డును తొలగించడానికి ఒప్పుకోకపోవచ్చు. దాన్ని నిర్ణీత కాలం దాచడం వారికి చట్టం పెట్టిన బాధ్యత.

ప్రశ్న: లక్షణాలు అడిగి జబ్బు ఏదో సూచించే చాట్‌బాట్ చేస్తున్నాం. ‘ఇది వైద్య సలహా కాదు’ అని కింద రాస్తే చాలా?

జవాబు: చాలదు. పైన గట్టిగా చెప్పినదాన్ని కింద చిన్న అక్షరాల్లో కాదంటే చట్టం ఒప్పుకోదు. మాత్ర వేళ గుర్తుచేయడం, అపాయింట్‌మెంట్ ఇప్పించడం వంటివి సాధారణంగా వైద్య పరికరం కిందికి రావు. మోతాదు లెక్కగట్టడం, పుట్టుమచ్చ ఫొటో చూసి క్యాన్సర్ అవకాశం చెప్పడం వస్తాయి. ఐరోపాలో 2021 మే నుంచి అమల్లో ఉన్న వైద్య పరికరాల నిబంధనల్లో 11వ నియమం ప్రకారం, రోగ నిర్ధారణకో చికిత్స నిర్ణయానికో సమాచారమిచ్చే సాఫ్ట్‌వేర్ కనీసం ‘2ఎ’ (మధ్యస్థాయి ప్రమాదం) తరగతి. అంటే స్వయంగా ధ్రువీకరించుకుంటే కుదరదు. భారత్‌లో 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య అవసరానికి ఉద్దేశించిన సాఫ్ట్‌వేర్ కూడా నియంత్రణలోకి వచ్చింది. అదే ఏడాది వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు కృత్రిమ మేధ రోగికి సలహా ఇవ్వకూడదని, మందు రాయకూడదని స్పష్టంగా చెప్పాయి. రిజిస్టరైన డాక్టర్‌కు సాయపడటానికైతే వాడొచ్చు.

కోడ్ రాయకముందే ‘ఎవరికి, ఎందుకు, ఏం చెబుతుంది’ అన్నది రెండు మూడు వాక్యాల్లో రాసి, నియంత్రణ నిబంధనలు తెలిసిన నిపుణుడికి చూపించండి. స్టోర్లోని వివరణ, ప్రకటనలు, యాప్‌లోని బటన్ల మీది మాటలు అన్నీ దానికి సరిపోతున్నాయో ప్రతి విడుదలకు ముందు చూసుకోండి. తప్పు ఎక్కువగా జరిగేది అప్‌డేట్లలో. ‘డాక్టర్‌ను త్వరగా కలవండి’ అన్న వాక్యాన్ని మార్కెటింగ్ వాళ్లు ‘మీకు ఫలానా జబ్బు ఉండొచ్చు’ అని మారిస్తే, కోడ్‌లో ఒక్క లైనూ మారకపోయినా అనుమతి అవసరం కావచ్చు.