జితేంద్ర తెలుగు రీమేక్‌లు ఏ వరసలో చూడాలి?

హిందీ హీరో జితేంద్ర మన తెలుగు సినిమాలకి చేసిన రీమేక్‌లు చూద్దామనుకుంటున్నాను, హిమ్మత్‌వాలాతో మొదలుపెట్టొచ్చా అని ఒకరు అడిగారు. వద్దండి, 1967లో వచ్చిన ఫర్జ్‌తో మొదలుపెట్టండి. జితేంద్ర అసలు పేరు రవి కపూర్, 1942లో అమృత్‌సర్‌లో పుట్టాడు. ఇంట్లో గిల్టు నగల వ్యాపారం. ఆ నగలు ఇవ్వడానికి వెళ్లి దర్శకుడు వి.శాంతారాం కంట్లో పడ్డాడు, 1964లో గీత్ గాయా పత్థరోం నేతో హీరో అయ్యాడు. కానీ జనానికి దగ్గరైంది ఫర్జ్‌తోనే. అది మన కృష్ణ గూఢచారి 116కి రీమేక్. తీసిన రవికాంత్ నగాయిచ్ కూడా తెలుగులో ట్రిక్ ఫొటోగ్రఫీకి పేరుపడ్డ కెమెరామన్. మస్త్ బహారోం కా పాటలో కాళ్లు గమనించండి. తెల్ల బూట్లు, ఆ గెంతులు, తర్వాత ఇరవై ఏళ్లు అమ్ముడుపోయిన జితేంద్ర అంతా అందులో ఉన్నాడు.

ఆ తర్వాత లోక్ పర్‌లోక్ (1979), అంటే యమగోల. రెండూ తాతినేని రామారావే తీశారు. ఎన్టీఆర్ డైలాగుతో నిలబెట్టిన పాత్రని జితేంద్ర హుషారుతో లాక్కొచ్చాడు. నన్నడిగితే యమగోలే మేలు.

ఇక హిమ్మత్‌వాలా (1983). 1982లో సొంతంగా తీసిన దీదార్-ఎ-యార్ దెబ్బతీసి డబ్బు బాగా పోయాక వచ్చిన సినిమా ఇది. తెలుగులో ఆడిన కథ, ఆ కథని ఒకసారి తీసేసిన దర్శకుడు, కృష్ణగారి పద్మాలయా బ్యానర్: నష్టాల్లో ఉన్న హీరోకి ఇంతకన్నా భరోసా ఏముంటుంది? మాతృక ఊరుకి మొనగాడు (1981), రెండింటికీ దర్శకుడు రాఘవేంద్రరావే. సంగీతానికి చక్రవర్తి స్థానంలో బప్పీ లహరి వచ్చాడు, మాటలు ఖాదర్ ఖాన్ రాశాడు, శ్రీదేవి హిందీలో స్టార్ అయిపోయింది. అదే ఏడాది మవాలీ (చుట్టాలున్నారు జాగ్రత్త), జస్టిస్ చౌదరి కూడా వచ్చాయి.

చాలామంది ఒరిజినల్ చూసిన రోజే రీమేక్ పెట్టుకుంటారు. సీన్లన్నీ ముందే తెలిసిపోయి సగంలోనే విసుగొస్తుంది. మధ్యలో కనీసం వారం వదలండి, లేదా పాటలు మాత్రమే పక్కపక్కన పెట్టుకోండి. రాఘవేంద్రరావే తీసిన దేవతలో ఎల్లువొచ్చి గోదారమ్మ పాట చూసి, వెంటనే హిమ్మత్‌వాలాలో నైనోం మే సప్నా చూడండి. వరసలు తీర్చిన ఆ బిందెలే రాఘవేంద్రరావు సంతకం. దేవత రీమేక్ తోహ్ఫా (1984)లోనూ శ్రీదేవి, జయప్రదే ఉన్నారు, శోభన్‌బాబు స్థానంలోకి జితేంద్ర వచ్చాడు. అంచులు కత్తిరించిన ప్రింట్లు మాత్రం వద్దు. పక్కనున్న డ్యాన్సర్లూ బిందెలూ ఫ్రేమ్‌లోంచి ఎగిరిపోతే ఆ పాటల్లో మిగిలేది ఏమీ లేదు. వెతికేటప్పుడు ఏడాది కూడా కొట్టండి, లేకపోతే అజయ్ దేవగణ్ చేసిన 2013 హిమ్మత్‌వాలా ముందుకొస్తుంది.

రెండు మూడు రీమేక్‌లయ్యాక ఆగి గుల్జార్ తీసిన ఖుష్బూ (1975) చూడండి. కళ్లజోడు, మీసం పెట్టుకుని పల్లెటూరి డాక్టరుగా ఎంత నెమ్మదిగా చేశాడో! ఇది చూడకుండా ఆయనకి నటన రాదనేవాళ్లని చూస్తే నిజంగా బాధేస్తుంది.

చివరికి సింఘాసన్ (1986) ఉంచుకోండి. కృష్ణ తనే దర్శకుడిగా తెలుగులో (సింహాసనం) తను హీరోగా, హిందీలో జితేంద్రతో ఒకేసారి తీసిన సినిమా కాబట్టి మాతృక, రీమేక్ అనే తేడా ఉండదు. బప్పీ లహరి తెలుగులోకి వచ్చింది కూడా సింహాసనంతోనే. పాతాళ్ భైరవి (1985) మాత్రం వదిలేయొచ్చు. 1951 నాటి తెలుగు పాతాళభైరవి చూసినవాళ్లకి అది ఆనదు.