ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చేదాకా ఆ అప్పు ఎవరిది?

ప్రశ్న: సార్, మాది నిజామాబాద్. మోటార్ వైండింగ్ షాపు ఉంది, నెలకు 16 వేలు మిగులుతాయి. బీసీలం. అమ్మాయి బీటెక్ సెకండియర్‌కి వచ్చింది. ఫీజు 85 వేలు. ఎంసెట్ ర్యాంకు పదివేలు దాటింది కాబట్టి ప్రభుత్వం ఇచ్చేది 35 వేలే, మిగతా 50 వేలు మేం కట్టాలి. రీయింబర్స్‌మెంట్ రావట్లేదు, ఆ 35 వేలు కూడా మీరే కట్టండి, వచ్చాక తిరిగిస్తాం అంటున్నారు కాలేజీవాళ్లు. తెలిసినాయన రెండు రూపాయల వడ్డీకి ఇస్తానంటున్నాడు. తీసుకోమంటారా? అబ్బాయి పది పాసయ్యాడు. పాలిటెక్నిక్‌లో వేద్దామా, ఇంటర్‌లోనా?

జవాబు: ముందు ఆ రెండు రూపాయల సంగతి తేల్చేద్దాం. నెలకు నూటికి రెండంటే ఏడాదికి 24 శాతం. 35 వేలకు ఏడాది వడ్డీ 8,400. ప్రభుత్వ సొమ్ము రెండేళ్లు ఆలస్యమైతే 16,800. సర్కారు ఇచ్చినదాంట్లో దాదాపు సగం వడ్డీకే పోతుంది. లెక్కల్లో మాత్రం మీ అమ్మాయికి 35 వేల సాయం అందినట్టే ఉంటుంది. వద్దండీ.

కట్టనని మొండికేయమని కూడా చెప్పలేను. రేపు మెమోలు, టీసీ ఆపితే తిరగాల్సింది మీరే. మొదట స్కాలర్‌షిప్‌ల వెబ్‌సైటు ఈపాస్‌లో అమ్మాయి దరఖాస్తు ఈ ఏడాదికి రెన్యువల్ అయిందో లేదో చూడండి. కాలేజీలోనే ఆగిపోయి ఉంటే తప్పు ప్రభుత్వానిది కాదు. అక్కడ అంతా సరిగ్గా ఉంటే వాయిదాలు అడగండి. రీయింబర్స్‌మెంట్ రాగానే తిరిగిస్తామని రసీదు మీదే రాయించుకోండి, నోటిమాట చాలదు. ఇంట్లో మేడమ్ పొదుపు సంఘంలో ఉంటే ఆ లోను ఈ 35 వేలకు సరిగ్గా పనికొస్తుంది.

50 వేల సంగతి వేరు. అది ఇంకా మూడేళ్లు కట్టాలి, మొత్తం లక్షన్నర. దీనికి ఎడ్యుకేషన్ లోనే దారి. కోర్సు మధ్యలో కూడా అడగొచ్చు. 4 లక్షల లోపు తాకట్టు అక్కర్లేదు, మీరు సహ రుణగ్రహీతగా సంతకం పెడితే చాలు. చదువు అయిపోయాక మరో ఏడాది వరకు వాయిదాలు ఉండవు. పది శాతం అనుకున్నా అప్పటికి అయ్యే వడ్డీ సుమారు 45 వేలు. ఇదే సొమ్ము బయట 24 శాతానికి తెస్తే లక్షా 8 వేలు. కుటుంబ ఆదాయం 4.5 లక్షల లోపు ఉన్నవాళ్లకు ఆ కాలానికి వడ్డీని కేంద్రమే భరించే పథకం కూడా ఉంది, కాకపోతే కాలేజీకి న్యాక్ గానీ కోర్సుకు ఎన్‌బీఏ గానీ గుర్తింపు ఉండాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకుంటూ ఇది కూడా వస్తుందా అన్నది బ్యాంకులో ముందే అడగండి, తర్వాత గొడవ ఉండదు.

ఇంకో మాట. మీ ఆదాయం ఏడాదికి 1.92 లక్షలు. పట్టణాల్లో బీసీలకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆదాయ పరిమితి 2 లక్షలు. షాపులో నాలుగు మోటార్లు ఎక్కువ వస్తే ఆ 35 వేలు పోతాయి. అందుకే దాన్ని వస్తే మంచిదే అన్న పద్దులో రాసుకోండి.

నన్నడిగితే ప్రభుత్వాలు సరిచేయాల్సింది ఈ రెండే, గీత దాటగానే సాయం మొత్తం తెగిపోవడం, డబ్బుకు తేదీ లేకపోవడం. ఆంధ్రలో ఈ ఫీజు డబ్బు కొన్నేళ్లు తల్లుల ఖాతాల్లో వేశారు, ఇప్పుడు మళ్లీ కాలేజీల ఖాతాలకు మార్చారు. ఎవరి ఖాతాలో వేస్తే ఏంటి? కాలేజీ తెరిచే రోజుకు వేస్తారా లేదా అన్నదే అసలు సంగతి. లేకపోతే ప్రభుత్వం చేయాల్సిన అప్పు మీలాంటివాళ్లు చేస్తున్నట్టు. అంత డబ్బు లేదంటారా, ఆస్ట్రేలియా 1989 నుంచి చేస్తున్నదైనా చూడొచ్చు. ఫీజు అప్పుగానే ఇస్తారు, కానీ సంపాదన ఒక స్థాయి దాటాకే పన్నుతో పాటు వసూలు చేస్తారు. మన దగ్గర ఉద్యోగం వచ్చినా రాకున్నా ఏడాది తిరగ్గానే ఈఎంఐ మొదలవుతుంది. ఆ టెన్షన్ తగ్గాలంటే ఇప్పటినుంచే నెలకు వెయ్యి ఆర్‌డీలో వేస్తూ ఉండండి.

ఇక అబ్బాయి. ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో సీటు వస్తే ఆలోచించకుండా వేయండి. ఫీజు కొన్ని వేలే. మూడేళ్లకు డిప్లొమా చేతికొస్తుంది, తర్వాత ఈసెట్ రాస్తే నేరుగా బీటెక్ సెకండియర్‌లో చేరొచ్చు, ఒక ఏడాది ఫీజు మిగిలినట్టే. చదువు ఆపి పనిలోకి వెళ్లాలనుకుంటే అప్రెంటిస్‌షిప్ ఉంది, అందులో డిప్లొమావాళ్లకు ఇచ్చే కనీస స్టైపెండ్‌లో సగం కేంద్రం భరిస్తుంది. ఎలక్ట్రికల్ బ్రాంచి దొరికితే సెలవుల్లో మీ షాపులోనే కూర్చోబెట్టండి. ప్రైవేటు పాలిటెక్నిక్‌లోనే సీటు వస్తే మాత్రం ఫీజు ఎంతో చూసి మళ్లీ రాయండి, అప్పుడు ఇంటర్‌తో పోల్చి చూద్దాం.