సంగీత సందేహాలు: పాత గిటారు నాదం, కొత్త పికప్‌లు

ప్రశ్న: స్ట్రాటోకాస్టర్ (ఫెండర్ సంస్థవారి ఎలక్ట్రిక్ గిటారు) నమూనాలో తయారైన ఒక చవక గిటారును కొన్నేళ్లుగా వాయిస్తున్నాను. 1960 ప్రాంతపు వాద్యసంగీత రికార్డుల్లో వినిపించే తేటదనం దీనిలో పలకడం లేదు. వింటేజ్ పేరుతో అమ్మే పికప్‌ల (తంతుల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే, తీగచుట్టూ అయస్కాంతమూ ఉన్న భాగాల) సెట్టు కొనాలనుకుంటున్నాను. 5.8 కిలో ఓములది ఒకటి, 6.4 కిలో ఓములది ఒకటి చూశాను. పాత నాదానికి ఏది దగ్గరగా ఉంటుంది?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఆ రెండు అంకెల్లో దేన్నిబట్టీ నిర్ణయం తీసుకోవద్దని ముందుగా కోరుతున్నాను. ఓముల్లో చెప్పేది కాయిల్‌లోని రాగితీగ నిరోధం మాత్రమే. తీగ సన్నదైనా, చుట్లు ఎక్కువైనా, చివరికి గది వేడెక్కినా అది పెరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర 6 కిలో ఓములు చూపిన కాయిల్ 35 డిగ్రీల దగ్గర సుమారు 6.35 చూపుతుంది కాబట్టి, మే నెలలో మీ ఊళ్లో కొలిచిన అంకెకూ చలిదేశంలోని కార్ఖానాలో కొలిచిన అంకెకూ పొంతన కుదరదు. 1950లలో ఫెండర్ సంస్థలో చుట్టిన కాయిళ్లు కూడా దాదాపు 5.5 నుంచి 6.5 కిలో ఓముల దాకా ఉండేవి. మీరు చూసిన రెండు సెట్లూ ఆ పరిధిలోనే ఉన్నాయి.

అసలు తేడా కాయిల్ నడుమ ఉంటుంది. 1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్‌లో ఒక్కొక్క తంతి కింద నిలబెట్టిన కడ్డీయే అయస్కాంతం. అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిసిన అల్నికో అనే ఇనుప మిశ్రమంతో దాన్ని చేసేవారు. చవక గిటార్లలో చాలావాటికి ఆ స్థానంలో మామూలు ఉక్కు కడ్డీలుంటాయి, వాటి అడుగున సెరామిక్ అయస్కాంతపు పట్టీ అంటించి ఉంటుంది. ఉక్కు వల్ల కాయిల్ ఇండక్టెన్స్ (విద్యుత్ ప్రవాహంలో మార్పును అడ్డుకునే గుణం) పెరగడమే కాక, ఆ ఉక్కులో పుట్టే సుడి ప్రవాహాలు పై స్థాయి ధ్వనుల్లో కొంత భాగాన్ని మింగేస్తాయి. మీకు అందని తేటదనం చాలావరకు పోయేది ఇక్కడే. కాబట్టి డబ్బు చెల్లించేముందు గిటారు ముందున్న ప్లాస్టిక్ పలకను విప్పి పికప్‌ల అడుగుభాగం చూడండి. పట్టీ కనిపిస్తే మార్పిడి వల్ల నిజమైన ప్రయోజనం ఉంటుంది. కడ్డీలే అయస్కాంతాలై ఉంటే మాత్రం కొత్త సెట్టు మీకు పెద్దగా ఏమీ ఇవ్వదు, లోపాన్ని మరోచోట వెతకాలి.

ఆ మరోచోటు తరచుగా కేబులే అవుతుంది. దీన్ని చాలామంది పట్టించుకోకపోవడం నాకు బాధ కలిగించే విషయం. పికప్ ఇండక్టెన్సూ, గిటారు నుంచి ఆంప్లిఫయర్ దాకా వెళ్లే కేబుల్ కెపాసిటెన్సూ (విద్యుదావేశాన్ని నిలుపుకునే గుణం) కలిసి ఒక పౌనఃపున్యం దగ్గర శిఖరాన్ని ఏర్పరుస్తాయి, మన చెవికి మెరుపుగా తోచేది ఆ శిఖరమే. పికప్ ఇండక్టెన్స్ 2.4 హెన్రీలు, దాని సొంత కెపాసిటెన్స్ 100 పికోఫారడ్లు, కేబుల్‌ది మీటరుకు మరో 100 అనుకుని లెక్కకడితే, 5 మీటర్ల కేబుల్‌తో శిఖరం సుమారు 4,200 హెర్ట్జ్ దగ్గరా, 10 మీటర్ల కేబుల్‌తో సుమారు 3,100 హెర్ట్జ్ దగ్గరా నిలుస్తుంది. మీరు చూసిన రెండు సెట్ల మధ్య ఇంత ఎడం ఉండే అవకాశం చాలా తక్కువ. 1960లలో పలువురు వాద్యకారులు స్ప్రింగులా మెలితిరిగిన పొడవాటి కేబుళ్లు వాడారు, ఆ రికార్డుల్లో మెరుపు ఉన్నా చెవిని గుచ్చకపోవడానికి అదీ ఒక కారణం. 1959లో బ్రిటన్‌లో షాడోస్ బృందపు గిటారు వాద్యకారుడు హ్యాంక్ మార్విన్ చేతికి వచ్చిన స్ట్రాటోకాస్టర్ నాదంలో టేప్ ఎకో యంత్రానికీ వాక్స్ ఆంప్లిఫయర్‌కూ ఉన్న వాటా, పికప్‌ల వాటా కన్నా తక్కువని నేను అనుకోను. వాల్యూమ్, టోన్ పాట్లు (తిప్పే నాబ్‌ల కింద ఉండే నిరోధకాలు) 250 కిలో ఓములవేనా అన్నది కూడా చూసుకోండి. 500వి ఉంటే శిఖరం మరీ పదునెక్కుతుంది.

ఇవన్నీ చూశాక కూడా మార్చాలనుకుంటే, అల్నికో కడ్డీల సెట్టు తీసుకుని దాని ఎత్తు ఓపికగా సరిచేయండి. చివరి ఫ్రెట్ (మెట్టు) దగ్గర తంతిని నొక్కి పట్టి కొలిస్తే, లావు తంతి కింద 2.4 మిల్లీమీటర్లు, సన్న తంతి కింద 2 మిల్లీమీటర్ల ఖాళీతో మొదలుపెట్టవచ్చు. అంతకన్నా బాగా దగ్గరైతే అయస్కాంతం తంతిని లాగి, పై ఫ్రెట్లలో ఒకే స్వరానికి రెండు శ్రుతులు పలికినట్లు వినిపిస్తుంది. ఎత్తు మార్చడానికి పక్క మరలనే తిప్పండి, కడ్డీలను వేలితో నొక్కవద్దు. పాత పద్ధతి పికప్‌లలో వెంట్రుక కన్నా సన్నని తీగను నేరుగా కడ్డీల మీదే చుడతారు కనుక, కడ్డీ కదిలితే తీగ తెగిపోవచ్చు. మరొక మాట: పాత నమూనాలో మూడో తంతి కింది కడ్డీ ఎత్తుగా ఉంటుంది. ఆ రోజుల్లో మూడో తంతికి పైన లోహపు చుట్టు ఉండేది, అది మందంగా పలికేది కాబట్టి ఆ ఎత్తు అవసరమైంది. ఇప్పటి నున్నని తంతి మీద ఆ స్వరం మిగతావాటిని మించి మోగుతుంది. ఈ విషయంలో పాతదానికి కట్టుబడి ఉండనక్కరలేదు, కడ్డీలు సమంగా ఉన్న సెట్టు కొనండి.

ప్రశ్న: అచ్చమైన పాత నమూనా సెట్టు బిగించిన తర్వాత, స్విచ్ రెండో, నాలుగో స్థానాల్లో (రెండేసి పికప్‌లు కలిసి మోగే చోట) ఇంతకుముందు లేని హోరు వస్తోంది. పికప్‌లో లోపమా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: లోపం కాదు. మొదటి స్ట్రాటోకాస్టర్లలో మూడు కాయిళ్లనూ ఒకే దిశలో చుట్టేవారు, మూడింటి అయస్కాంతాలూ ఒకే ధ్రువాన్ని పైకి చూపేవి. అప్పటి స్విచ్‌కు మూడే స్థానాలుండేవి, ఐదు స్థానాల స్విచ్‌ను ఫెండర్ 1977లో అమర్చింది. ఇప్పటి సెట్లలో చాలావాటికి నడిమి పికప్ చుట్టునూ ధ్రువాన్నీ రెండింటినీ తిరగేస్తారు. అందువల్ల జంటగా మోగించినప్పుడు కరెంటు తెచ్చే 50 హెర్ట్జ్ హోరు ఒకదానికొకటి రద్దవుతుంది, తంతుల ధ్వని మాత్రం కలిసి బలపడుతుంది. అలా తిరగేసిన నడిమి పికప్ ఒక్కదాన్నే అదే తయారీదారు నుంచి తెప్పించుకోండి, విడిగా మోగించినప్పుడు దాని నాదంలో తేడా రాదు. కాయిల్ వైర్లను మాత్రమే తారుమారు చేస్తే హోరుతో పాటు తంతుల ధ్వని కూడా రద్దయి, జంటస్థానాల్లో నాదం పీలగా మిగులుతుంది. లోపల రాగిరేకు అంటించడం గరగరను తగ్గిస్తుంది గాని ఈ అయస్కాంతపు హోరును ఆపదు. ఇంట్లో ప్లగ్గుకు ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో తప్పక చూపించండి, అది నాదం కన్నా ముఖ్యమైనది.

ప్రశ్న: లెస్ పాల్ (గిబ్సన్ సంస్థవారి గిటారు) తరహా గిటారులో పీఏఎఫ్ (‘పేటెంట్ అప్లయిడ్ ఫర్’) హంబకర్ (హోరును రద్దు చేసే రెండు కాయిళ్ల పికప్) నకళ్లు పెట్టాలనుకుంటున్నాను. అల్నికో 2, 4, 5లలో నిజమైన పీఏఎఫ్‌కు దగ్గరైనది ఏది?
– ఒక పాఠకుడు, డల్లాస్

జవాబు: మూడూ నిజమైనవే. గిబ్సన్‌లో సెత్ లవర్ రూపొందించిన ఈ పికప్‌కు 1955లో పేటెంటు దరఖాస్తు పెట్టారు, 1957 నుంచి లెస్ పాల్ గిటార్లలో అమర్చారు, పేటెంటు 1959లో మంజూరైంది. ఆ సంవత్సరాల్లో అల్నికో రకం ఒక్కటే ఉండాలన్న నియమం పాటించలేదు, రెండు కాయిళ్ల చుట్లు కూడా సమంగా ఉండేవి కావు, నిరోధం 7 నుంచి 9 కిలో ఓముల దాకా మారేది. ఆ అసమానతే వాటి నాదంలోని స్పష్టతకు ఒక కారణమని నా అభిప్రాయం. అందుచేత అయస్కాంతం సంఖ్య కన్నా, రెండు కాయిళ్లనూ కావాలనే కొద్ది తేడాతో చుట్టారా అని తయారీదారును అడగండి. పాతవాటికి మైనం పట్టించేవారు కాదు, కనుక ఎక్కువ గెయిన్ (ఆంప్లిఫయర్ సంకేతాన్ని పెంచే మోతాదు) మీద అవి కీచుమంటాయి. మీరు వాయించేది గట్టి రాక్ అయితే మైనం పట్టించిన నకలునే ఎంచుకోండి.