హరితకు ఉత్తరం: అల్లర్ల కథ ఎక్కడ మొదలుపెట్టాలి?

హరితా,

2020లో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషిని పోలీసు చంపాక మినియాపోలిస్‌లో చెలరేగిన అల్లర్ల మీద నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం బాగుంది, ఆగకుండా చదివిస్తుంది. అయినా దాన్ని ఇప్పుడే అచ్చుకి ఇవ్వొద్దు. మొదటి పేరాలో ఆ ఊళ్ళోని లేక్ స్ట్రీట్ తగలబడుతోంది, ఆఖరి పేరాలోనూ తగలబడుతూనే ఉంది. ఎందుకు అన్న ప్రశ్నకి నువ్వు ఇచ్చిన జవాబు ఒకే ఒక్క వాక్యం: "ఇది దశాబ్దాల ఆగ్రహం." ఒప్పుకునేవాళ్ళు దాన్ని ముందే ఒప్పుకుని ఉంటారు. ఒప్పుకోనివాళ్ళు అక్కడితో చదవడం ఆపేస్తారు.

అమెరికాలో ఈ గొడవల మీద రెండు పార్టీలవాళ్ళూ తగువు పడేది ముఖ్యంగా కథ ఎక్కడ మొదలైందన్న దగ్గరే. ఒకరు అగ్గిపుల్ల గీసిన రాత్రి నుంచి చెబుతారు, ఇంకొకరు ఇరవై ఏళ్ళ వెనక నుంచి చెబుతారు. నువ్వు ఎక్కడ మొదలుపెట్టావో, ఎందుకు పెట్టావో పాఠకుడికి తెలియాలి. తెలియకుండా రాస్తే ఎంత బాగా రాసినా అది కరపత్రమే.

డెట్రాయిట్ సంగతే చూడు. 1967 జులై 23, ఆదివారం ఇంకా తెల్లవారలేదు. 12వ వీధిలో లైసెన్సు లేకుండా నడుస్తున్న బార్ మీద పోలీసులు దాడి చేశారు. లోపల వియత్నాం నుంచి తిరిగొచ్చిన కుర్రాళ్ళ కోసం పార్టీ జరుగుతోంది. 80 మందికి పైగా దొరికితే అందర్నీ అరెస్టు చేశారు. వాళ్ళని వ్యాన్లలో తీసుకెళ్ళేలోపే బయట జనం చేరారు, సీసాలు ఎగిరాయి. అల్లర్లు సద్దుమణిగేసరికి 43 మంది పోయారు, వాళ్ళలో 33 మంది నల్లవాళ్ళు. అరెస్టులు ఏడు వేలు దాటాయి. ఇక్కడ మొదలుపెడితే ఇది ఒక తాగుడు కొట్టు దగ్గర రాజుకున్న గొడవ. అంతకుముందు బ్లాక్ బాటమ్ అనే నల్లవాళ్ళ పేటని ఊరి అభివృద్ధి కోసమని, ఫ్రీవే కోసమని కూల్చేశారు. అక్కడి వాళ్ళు చాలామంది వచ్చి తలదాచుకున్నది ఈ 12వ వీధి చుట్టుపక్కలే. అక్కడి నుంచి మొదలుపెడితే కథ వేరుగా ఉంటుంది. రెండూ జరిగినవే.

ఆ రోజుల్లోనే ఒక నాలుగేళ్ళ పాప చనిపోయింది. ఇంట్లో ఎవరో సిగరెట్ వెలిగించుకుంటే, ఆ వెలుగు తుపాకీదనుకుని నేషనల్ గార్డ్ అనే రిజర్వు సైనికులు ట్యాంక్ మీది మెషిన్ గన్‌తో ఆ ఇంటిని కాల్చారు. ఇలాంటి చోట "దారుణం", "హృదయవిదారకం" అని రాయకు. సిగరెట్, ట్యాంక్, నాలుగేళ్ళు, అంతే రాయి.

ప్రెసిడెంట్ జాన్సన్ ఆ నెలలోనే ఈ అల్లర్లకి కారణాలు తేల్చమని ఇల్లినాయ్ గవర్నర్ ఒట్టో కెర్నర్ అధ్యక్షుడిగా ఒక కమిషన్ వేశాడు. అల్లర్ల వెనక ఏ కుట్రా లేదని 1968లో వచ్చిన దాని నివేదిక తేల్చింది. జనం ఫిర్యాదుల్లో పోలీసుల తీరు, ఉద్యోగాలు, ఇళ్ళు అన్నిటికన్నా పైన ఉన్నాయని చెప్పింది. వేసిన జాన్సన్‌కే అది మింగుడు పడలేదు. అల్లర్లు చేసినవాళ్ళని తప్ప అందర్నీ తప్పుపడుతోందని, ఆ ఏడాది ప్రెసిడెంట్ పదవికి పోటీ చేస్తున్న నిక్సన్ అన్నాడు. ఆ మాట రాజకీయం కోసం అన్నాడని కొట్టిపారేయకు. కష్టపడి పెట్టుకున్న షాపు బూడిదైనవాడూ అదే అంటాడు, అతని దగ్గర అది రాజకీయం కాదు.

నువ్వు తప్పకుండా చదవాల్సింది మిస్సోరి రాష్ట్రంలోని ఫెర్గూసన్ అనే చిన్న ఊరి గురించి. 2014 ఆగస్టులో ఆ ఊళ్ళో 18 ఏళ్ళ నల్ల కుర్రాణ్ణి ఒక పోలీసు కాల్చి చంపాడు. 2015 మార్చి 4న కేంద్ర న్యాయశాఖ ఒకేరోజు రెండు నివేదికలు ఇచ్చింది. చేతులు పైకెత్తి లొంగిపోతుంటే కాల్చాడన్న మాటకి నమ్మదగిన ఆధారం లేదనీ, ఆ పోలీసు మీద కేసు నిలవదనీ మొదటిది చెప్పింది. ఊళ్ళోని పోలీసులూ కోర్టూ కలిసి జరిమానాలతో జనాన్ని పిండుకున్నారని రెండోది చెప్పింది. అందులో ఒక నల్లజాతి మహిళ సంగతి ఉంది. 2007లో కారు తప్పు చోట ఆపినందుకు 151 డాలర్లు, పైన ఫీజులు. దానికే రెండుసార్లు అరెస్టయింది, ఆరు రోజులు జైల్లో ఉంది, 550 డాలర్లు కట్టింది. 2014 డిసెంబరుకి ఇంకా 541 డాలర్లు బాకీ! మధ్యలో పాతిక, యాభై కట్టబోతే, మొత్తం కడితేనే తీసుకుంటామని కోర్టు తిప్పి పంపింది. సుమారు 21 వేల జనాభా ఉన్న ఊళ్ళో 2013 ఒక్క ఏడాదే తొమ్మిది వేలకు పైగా వారెంట్లు. కంచే చేను మేసింది. ఒక పక్షం మొదటి నివేదికని జేబులో పెట్టుకుని తిరిగింది, ఇంకో పక్షం రెండోదాన్ని. రెండూ ఒకే బల్ల మీద పెట్టుకుని రాయి. వీధిలోకి వచ్చినవాళ్ళు నమ్మిన ఒక మాట తేలిపోయింది, వాళ్ళ కోపానికి కారణం మాత్రం లెక్కలతో సహా రుజువైంది.

2020 సంగతీ అంతే. ఆ వేసవి ప్రదర్శనల్లో నూటికి తొంభైకి పైగా శాంతంగా జరిగాయి. ఇన్సూరెన్స్ కంపెనీలు కట్టిన నష్టం వంద కోట్ల డాలర్లు దాటింది. నీ వ్యాసంలో మొదటి లెక్కే ఉంది. వాట్సాప్‌లో మా మేనల్లుడు పంపేవాటిలో రెండోదే ఉంటుంది. నీ వ్యాసం చేరాల్సింది అతనికే. శివారు ఊళ్ళలో మంచి ఇళ్ళు కొనుక్కుని, "వాళ్ళంతేలే" అని మాట తేల్చేసే మన తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు మనసు కష్టంగా ఉంటుంది. వాళ్ళని తిడితే వినరు. ఆ 151 డాలర్ల చలాన్ చూపిస్తే వింటారేమో.

నా పక్షం ఏమిటంటావా? షాపు తగలబెట్టడం తప్పే, దశాబ్దాల అన్యాయం ఉన్నా తప్పే. ఆ అన్యాయం ఊసెత్తకుండా తగలబెట్టిన రాత్రినే చూపించడం కూడా నాకు సమ్మతం కాదు. నువ్వు ఇలాగే అనుకోనక్కర్లేదు, కానీ నీ అభిప్రాయం నీకు అడ్డొచ్చే నిజాన్ని కూడా దాటుకుని రావాలి.

తిరగరాసేటప్పుడు మినియాపోలిస్ మూడో పోలీస్ ఠాణా దగ్గర కాలిపోయిన గాంధీ మహల్ రెస్టారెంట్ గురించి ఇంకో పేరా పెంచు. తన బిల్డింగ్ కాలిపోతే పోనీ, న్యాయం జరగాలి అన్నాడు దాని బంగ్లాదేశీ యజమాని. ఆ మాట నువ్వు బాగా పట్టుకున్నావు. మరి అదే వీధిలో అలా అనలేని యజమానులు? వాళ్ళలో ఒకరిద్దరితోనైనా మాట్లాడు. ఇన్సూరెన్స్ ఎంత వచ్చిందో, షాపు మళ్ళీ తెరిచారో లేదో అడిగి రాసి పంపు.

ఆశీస్సులతో,
పిన్ని