విజయనగరం అద్దెల సంగతి తర్వాత, ముందు పక్క వాటా సంగతి చూడండి

నరసన్నపేట దగ్గర పల్లె నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు రాసిన ఉత్తరం ఇది. ఆయనకి 64, భార్యకి 59. పింఛనులో కొంత ముందే ఒకేసారి తీసుకున్నందుకు పడే కోత (కమ్యుటేషన్) పోగా నెలకి 41 వేలు పింఛను వస్తోంది. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో అమ్మాయి పెళ్ళి ఖర్చు పోగా 18 లక్షలు మిగిలాయి. అబ్బాయికి హైదరాబాద్‌లో ఉద్యోగం. తండ్రి సొంత సంపాదనతో కట్టించిన ఇంట్లో సగం వాటాలో వీళ్ళు, మిగతా సగంలో తమ్ముడి కుటుంబం, వాళ్ళ దగ్గర 84 ఏళ్ళ అమ్మగారు. అన్నదమ్ముల మధ్య మూడేళ్ళుగా మాటల్లేవు. ఇప్పుడు తన వాటా అమ్మేసి పట్నం వెళ్ళిపోవాలని ఈయన ఆలోచన. విజయనగరమా, విశాఖపట్నమా? అద్దెకుండాలా, ఫ్లాట్ కొనుక్కోవాలా? ఈ డబ్బుతో ఎవరి దగ్గరా చెయ్యి చాచకుండా బతకగలమా? ఇవీ ఆయన ప్రశ్నలు.

మాస్టారూ,

మీరడిగినదానికి ముందే జవాబు చెప్పేస్తాను, అదేమీ పెద్ద చిక్కు కాదు. విశాఖ వద్దు, మీ డబ్బుకి విజయనగరమే నయం. ఫ్లాట్ మాత్రం ఇప్పుడు కొనకండి. భోగాపురం ఎయిర్‌పోర్టు పేరు చెప్పి ఆ చుట్టుపక్కల రేట్లు పెంచి కూర్చున్నారు, ఈ వయసులో చేతిలో ఉన్నదంతా గోడల్లో పెట్టేసి రేపు ఆస్పత్రి ఖర్చుకి కొడుకు ముఖం చూడటం నాకు నచ్చదు. 2 లక్షలు బ్యాంకులో చేతికందేలా ఉంచుకుని, మిగతా 16 లక్షలు పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీములో వేస్తే ఇప్పుడున్న 8.2 శాతం వడ్డీ లెక్కన మూడు నెలలకోసారి 32,800 వస్తుంది. మీరు రాసిన 9 వేల అద్దె ఆ వడ్డీలోనే వెళ్ళిపోతుంది, పింఛను ముట్టుకోనక్కర్లేదు. 11 నెలల అగ్రిమెంటు రాసుకోండి, మీ ఆవిడకి మోకాళ్ళ నొప్పులన్నారు కాబట్టి కింది పోర్షనే చూసుకోండి. లైఫ్ సర్టిఫికెట్ కోసం మీ ఊరికి రానక్కర్లేదు, ఫోన్లో జీవన్ ప్రమాణ్ ఉంది. విజయనగరంలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ కూడా వచ్చింది, అంతకు మించిన జబ్బైతే 60 కిలోమీటర్ల దూరంలో విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్ ఉండనే ఉంది. మెయిన్ లైన్ మీద జంక్షన్ కాబట్టి అబ్బాయి రాకపోకలకీ ఇబ్బంది లేదు. పైడితల్లమ్మ గుడి, గంటస్తంభం దగ్గర బజారు, పొద్దున్నే నడవడానికి పెద్ద చెరువు గట్టు, ఇద్దరు మనుషులు ఉన్నంతలో బతకడానికి మంచి ఊరే.

ఇక్కడితో మీ ప్రశ్న అయిపోయింది. ఇప్పుడు మీరు అడగనిది మాట్లాడతాను, కోపం తెచ్చుకోకండి, తెచ్చుకున్నా చివరిదాకా చదవండి.

మీ ఉత్తరం నాలుగు పేజీలు. పాలు, గ్యాసు, కరెంటు, కేబుల్, పనిమనిషి, పండగ ఖర్చు, అన్నీ కాలమ్‌లు గీసి రాశారు. అమ్మ గురించి రెండే రెండు వాక్యాలు. ఒకటి, "అమ్మ తమ్ముడి దగ్గరే ఉంటోంది, ఆమెకి ఏ లోటూ లేదు" అని. రెండోది ఇంట్లో ప్రశాంతత లేదనే ఫిర్యాదులో వచ్చింది: "మధ్యలో ఒక్క గోడే, ఇక్కడ నేను దగ్గినా అవతల అమ్మ 'పెద్దోడికి దగ్గు తగ్గలేదేటి' అని మా మరదల్ని అడుగుతుందట, మా ఆవిడ చెప్పింది."

ఆ వాక్యాన్ని మీరు ఎలా రాయగలిగారో నాకు అర్థం కాలేదు. మూడేళ్ళుగా మీరు ఆ గుమ్మం తొక్కలేదు. తుంటి ఎముక విరిగి, ఆపరేషనై, వాకర్ పట్టుకుంటే తప్ప నడవలేని మనిషి గోడకి చెవి ఆనించి మీ దగ్గు వింటోంది. మీరేమో ఆ గోడకి దూరంగా ఎక్కడికి పోదామా అని ఊళ్ళ పేర్లు చూస్తున్నారు. మీకు కావాల్సింది విజయనగరం కాదు మాస్టారూ, తమ్ముడి ముఖం కనపడని చోటు ఏదైనా మీకు చాలు. అమ్మ ముఖం కూడా దాంతోపాటే పోతుందన్న సంగతి మీకు తెలుసు, తెలిసే రెండు వాక్యాల్లో దాటేశారు.

మీ గొడవ సంగతి నేను రెండు మూడుసార్లు చదివాను. అమ్మ పడిపోయిన రాత్రి మీరు హైదరాబాద్‌లో ఉన్నారు, తమ్ముడే శ్రీకాకుళం తీసుకెళ్ళి ప్రైవేటు ఆస్పత్రిలో ఆపరేషన్ చేయించాడు, 1,60,000 అయింది. మీరు వచ్చి, సగం ఇస్తాను, బిల్లులు చూపించు అన్నారు. "అమ్మకి పెట్టిన ఖర్చుకి బిల్లులా" అని వాడు మీ 80 వేలు తీసుకోలేదు. ఇంతే కదా. బిల్లులు అడగడం నేరమని నేననను. ఉద్యోగమంతా ఓచర్లు, రిజిస్టర్లు రాసిన చెయ్యి, అలవాటుగా అడిగి ఉంటారు. కానీ ఎప్పుడు అడిగారు? అమ్మ ఇంకా మంచం మీదే ఉంది, నాలుగు రాత్రులు నిద్రలేని మనిషి ఎదురుగా నిలబడి ఉన్నాడు, మరదలు బెడ్‌పాన్ కడిగి వస్తోంది. ఆ పూట అడగాల్సింది "ఈ రాత్రికి నేనుంటాను, నువ్వెళ్ళి పడుకో" అని. డబ్బు లెక్క నెల తర్వాత చూసుకున్నా ఎవరూ పారిపోరు.

తమ్ముడిదీ తప్పుంది. అన్న ఇచ్చిన డబ్బు విసిరికొట్టడం, చావిడిలో ఉన్న తలుపుకి అడ్డంగా ఇటుకలు పేర్పించడం, తండ్రి తద్దినం ఒకే ఇంట్లో రెండుసార్లు పెట్టుకునే దాకా తీసుకురావడం, ఇవి మంచి పనులు కావు. కానీ వాడు నాకు ఉత్తరం రాయలేదు, మీరు రాశారు. అందుకని మీకే చెప్తున్నాను. "నేను పెద్దవాణ్ణి, వాడే రావాలి" అని రాశారు చూడండి, అక్కడ నేను మీతో అస్సలు ఒప్పుకోను. మూడేళ్ళుగా అమ్మకి స్నానం చేయించి, చోడి (రాగి) అంబలి కాచిచ్చి, రాత్రి రెండుసార్లు లేపి కూర్చోబెడుతున్న ఇంటివాళ్ళు మీ గుమ్మంలోకి వచ్చి తల వంచాలా? ఏ వరసన? సచివాలయం వాళ్ళు 1వ తారీఖున తెచ్చిచ్చే 4 వేల పింఛను ఆమె మందులకీ డైపర్లకీ ఏ మూలకీ రాదు, మిగతాది ఎక్కడిదనుకుంటున్నారు? ఆత్మగౌరవం అందరికీ ఉండాలి, దాని గురించి నేను ఎన్నో ఉత్తరాల్లో ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ గట్టిగా చెప్పాను. కానీ కన్నతల్లిని చూడటానికి వెళ్తే తగ్గిపోయే గౌరవం ఉంటుందని నేను నమ్మను.

ఇంకో మాట. మీరు రిజిస్ట్రేషన్ ఆఫీసు సంగతి కనుక్కోలేదనుకుంటాను. నాన్నగారు వీలునామా రాయలేదని, పంపకం పెద్దమనుషుల ముందు నోటిమాటగా జరిగిందని మీరే రాశారు. అలాంటప్పుడు హిందూ వారసత్వ చట్టం 1956 ప్రకారం ఆ ఇంట్లో మీ అమ్మగారికి, మీకు, మీ తమ్ముడికి, పర్లాకిమిడిలో ఇచ్చిన మీ చెల్లెలికి సమానంగా వాటాలుంటాయి. కాగితం మీద ఆ గోడకి అటుపక్కైనా ఇటుపక్కైనా మీ ఒక్కరిదంటూ ఏదీ లేదు. పైగా అలా వారసత్వంగా వచ్చిన వాటాని బయటివాళ్ళకి అమ్మబోతే ముందుగా కొనుక్కునే హక్కు మిగతా వారసులకి ఆ చట్టంలోనే ఉంది. కొనేవాడు ఎవడైనా నలుగురి సంతకాలూ తెమ్మంటాడు, బ్యాంకు లోను పెట్టుకునేవాడైతే మరీను. అంటే మీరెంత తప్పించుకుందామనుకున్నా ఆ గుమ్మం ఎక్కక తప్పదు. మూడేళ్ళ తర్వాత మొదటిసారి అమ్మ దగ్గరికి వేలిముద్ర కోసం వెళ్తారా? ఆమె వేస్తుంది. పెద్దోడు అడిగాడని ఏం కాగితమో కూడా చూడకుండా వేస్తుంది. ఆ తర్వాత విజయనగరంలో మీకు అన్నం ఎలా దిగుతుందో ఆలోచించుకోండి.

2007లో తల్లిదండ్రుల పోషణ చట్టం వచ్చింది, కొడుకులూ కూతుళ్ళూ అందరిదీ బాధ్యతే అని, చూడకపోతే ఆర్డీఓ దగ్గరికి వెళ్ళొచ్చని. మీ అమ్మగారు వెళ్ళరు, అది మీకూ తెలుసు నాకూ తెలుసు. అందుకే మీకు ఇంత ధీమా.

మీ ఆవిడ గురించి "ఆమెకి ఎక్కడైనా ఒకటే" అన్నారు. ఒకటే అయితే రోజూ సాయంత్రం దొడ్డివైపు తోటికోడలితో ఎందుకు మాట్లాడుతున్నట్టు? మీ దగ్గు సంగతి ఆమెకి ఎలా తెలిసినట్టు? మీ ఇద్దరు మగవాళ్ళూ తెంపేసిన దాన్ని ఆ ఇద్దరాడవాళ్ళూ చప్పుడు లేకుండా నిలబెట్టుకుంటూ వచ్చారు. మీరు నాలుగు పేజీల లెక్కల్లో వెయ్యని లెక్క ఒకటుంది. మీ తర్వాత ఆమెకి వచ్చేది ఫ్యామిలీ పింఛను, అది మీ పింఛనంత ఉండదు. ఆ రోజున అద్దె ఇంట్లో, ముక్కూ ముఖం తెలియని వీధిలో, ఆమె పక్కన ఎవరుంటారు? అబ్బాయి రమ్మంటే హైదరాబాద్ వెళ్తుంది సరే, వెళ్ళలేకపోతే? తిత్లీ తుఫానుకి మీ పెంకులు లేచిపోయిన రాత్రి పిల్లల్నీ అమ్మనీ పట్టుకుని అందరూ తమ్ముడి వాటాలో స్లాబు కింద కూర్చున్నామని మీరే రాశారు. అది 2018, ఎన్నో ఏళ్ళు కాలేదు.

కాబట్టి నేను చెప్పేది ఇదీ. ఈ వారంలోనే వెళ్ళండి. మధ్యవర్తులు, పెద్దమనుషులు, చెల్లెలితో ఫోను, ఇవేవీ వద్దు, వాళ్ళొస్తే మళ్ళీ ఎవరిది తప్పో తేల్చడానికి కూర్చుంటారు. 80 వేలు జేబులో పెట్టుకుని వెళ్ళకండి, ఫోన్‌పే అసలే చెయ్యకండి, మొదటిరోజు డబ్బు మాటెత్తితే పాత గాయమే రేగుతుంది. తిన్నగా అమ్మ మంచం దగ్గరికి వెళ్ళి కూర్చోండి. ఆమె ఏమంటుందో నాకు తెలుసు, "తిన్నావేటి?" అంటుంది. తమ్ముడు లేచి బయటికి వెళ్ళిపోవచ్చు, వెళ్ళనివ్వండి. మరదలు కాఫీ ఇస్తే తాగండి, ఇవ్వకపోతే అడగండి. మర్నాడు మళ్ళీ వెళ్ళండి. రెండు మూడు రోజులు పోయాక తమ్ముడితో ఒకే మాట అనండి: "ఆ రోజు బిల్లులు అడిగి ఉండకూడదురా." దానికి వెనకాల "కానీ నువ్వు కూడా" అని తగిలించారంటే చెప్పినా చెప్పనట్టే.

వాడు నోటికొచ్చినట్టు తిడితే? తిట్టొచ్చు, మూడేళ్ళది దాచుకున్నాడు. ఆ పూట లేచి వచ్చెయ్యండి, బతిమాలొద్దు, కాళ్ళావేళ్ళా పడొద్దు, అది నేనూ చెప్పను. కానీ అమ్మ దగ్గరికి వెళ్ళడం మాత్రం ఆపకండి, అది వాడి అనుమతితో జరిగే పని కాదు. కాస్త కుదుటపడ్డాక నెలలో కొన్ని రాత్రుళ్ళు అమ్మ దగ్గర మీరు పడుకుంటానని చెప్పండి, మరదలికి ఆ రాత్రుళ్ళు నిద్ర దొరుకుతుంది. శ్రీకాకుళం చెకప్‌కి ఇకనుంచి మీరు తీసుకెళ్ళండి, మందుల ఖర్చు మీది చేసుకోండి, ఆ 80 వేలు అలా ఖర్చైపోతాయి, ఎవరూ ఎవరికీ ఇచ్చినట్టు ఉండదు.

ఇంకొకటి రాయాలా వద్దా అని ఆలోచించాను, రాస్తున్నాను. మన ఇళ్ళల్లో చాలాచోట్ల తండ్రికి పెద్దకొడుకు, తల్లికి చిన్నకొడుకు తలకొరివి పెడతారు. మీ ఇంట్లోనూ అదే ఆనవాయితీ అయితే రేపు ఆ రోజు మీకు చెయ్యడానికి పని కూడా ఉండదు. విజయనగరం నుంచి రెండు గంటలకు పైగా ప్రయాణం చేసి వచ్చి, మాట్లాడని తమ్ముడి వెనకాల ఊరందరితో పాటు నిలబడాలి, అంతే. ఆమెకి మీరు చెయ్యగలిగిందేదైనా ఉంటే అది ఇప్పుడే, ఆమె మిమ్మల్ని "ఏటి పెద్దోడా" అని పిలిచేటప్పుడే.

ఇదంతా అయ్యాక కూడా పట్నంలో ఉండాలని మీ ఇద్దరికీ అనిపిస్తే తప్పకుండా వెళ్ళండి, నేను పైన చెప్పిన లెక్క అలాగే ఉంటుంది. అప్పుడు మీ వాటా అమ్మనక్కర్లేదు, తాళం తమ్ముడికే ఇచ్చి వెళ్ళొచ్చు, సంక్రాంతికీ తద్దినానికీ వచ్చి అందులోనే దిగొచ్చు. విజయనగరంలో చూసిన ఇంటికి ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చేసి ఉంటే ఓనర్‌తో మాట్లాడి రెండు నెలల గడువు అడగండి. ఒప్పుకోకపోతే ఆ అడ్వాన్స్ పోనివ్వండి, దానికి మాత్రం లెక్క చూసుకోకండి.