కంట్రోల్ అంటే కమాండర్ కాదు: సెట్టు మీద కాల్ సైన్ ఎట్ల పనిచేస్తది

నువ్వడిగినవి రెండు సంగతులు. ఎన్‌సీసీ క్యాంపుల సిగ్నల్స్ క్లాసు విన్నంక, "జీరో" అనే కాల్ సైన్ (రేడియో సెట్టు మీద పిలుచుకునే పేరు) అందరికంటే పెద్ద ఆఫీసర్‌దా అని ఒకటి. మేడారం జాతరల మీ కాలేజీ వాలంటీర్లకు వాకీటాకీలు ఇస్తే అదే పద్ధతి పనికొస్తదా అని ఇంకొకటి.

మొదటిదానికి జవాబు: కాదు తమ్మీ. కాల్ సైన్ మనిషిది కాదు, భుజం మీది స్టార్లది కాదు. ఒకే చానల్ మీద మాట్లాడుకునే సెట్లన్నిటిని కలిపి నెట్ అంటరు. ఆ నెట్‌ల ఆ సెట్టు ఏ జాగల ఉన్నదో ఆ జాగది. మైక్ పట్టుకున్నది సిపాయి అయినా మేజర్ అయినా పలికే పేరు అదే.

బ్రిటిష్ సైన్యం నుంచి వచ్చిన పద్ధతి చూడు. బెటాలియన్ హెడ్‌క్వార్టర్స్ సెట్టు 0. మొదటి కంపెనీ సెట్లన్నీ 1తో మొదలైతయి, దాని ప్లాటూన్లు 11, 12, 13. 11 కింది సెక్షన్లు 11 ఆల్ఫా, 11 బ్రావో (ఆల్ఫా అంటే A, బ్రావో అంటే B). కమాండింగ్ ఆఫీసర్ సెట్టు "0 ఆల్ఫా". 0కు, 0 ఆల్ఫాకు మధ్య ఉన్న తేడానే నీ ప్రశ్నకు జవాబు. ఎవరు ముందు మాట్లాడాలె, ఎవరు ఆగాలె అనేది 0 దగ్గర కూసున్న ఆపరేటర్ చెప్తడు, అందుకే 0ను కంట్రోల్ అంటరు. ఆ ఒక్క విషయంల మేజర్ కూడా ఆయన మాట వినాలె. కానీ దాడి చేయమనే హుకుం ఆయనది కాదు. అది కమాండర్‌ది, ఆపరేటర్ చేరవేస్తడు అంతే. కమాండర్‌తోనే మాట్లాడాల్సి వస్తే "సన్‌రేని పిలువు" అంటరు. సన్‌రే అంటే కమాండర్, సన్‌రే మైనర్ అంటే ఆయన తర్వాతి మనిషి. పేరు, ర్యాంకు గాలిల పోనియ్యరు.

చెయిన్ ఆఫ్ కమాండ్, అంటే హుకుం మెట్టు మెట్టుగా పోయే వరుస, నెట్‌ల ఎట్ల కనబడ్తదంటే, నడుమ ఉన్న కమాండర్ రెండు నెట్ల మీద ఉంటడు. పైవాళ్ల నెట్‌ల ఆయన సెట్టు ఒక మామూలు స్టేషన్, తన నెట్‌ల ఆయన సెట్టే కంట్రోల్. కంపెనీ కమాండర్ పక్కన రెండు సెట్లు ఎందుకు ఉంటయో ఇప్పుడు తెలిసిందా? మామూలుగా ప్లాటూన్ మాట కంపెనీకి పోతది, కంపెనీ మాట బెటాలియన్‌కు పోతది. నడుమ మెట్టు దాటి పోతే, కంపెనీ కమాండర్‌కు తెలియకుండానే ఆయన మనుషులు కదుల్తరు. అసలు ప్రమాదం అక్కడ ఉన్నది.

కార్గిల్ యుద్ధంల కెప్టెన్ విక్రమ్ బత్రాను "షేర్‌షా" అన్నరని విని చాలామంది కాల్ సైన్ అంటే బిరుదు అనుకుంటరు. అది సెట్టు మీద పిలిచే కోడ్ పేరు. ఆయన సెట్టు మీద చెప్పిన "యే దిల్ మాంగే మోర్" కూడా ఊరికే అన్న మాట కాదు. 1999 జూన్‌ల పాయింట్ 5140 అనే శిఖరం చేజిక్కితే పంపాలని ముందే అనుకున్న విజయ సంకేతం అది. ఇంకో దిక్కు నుంచి ఎక్కిన సంజీవ్ జమ్వాల్ దళానికి వేరే సంకేతం ఉండె. వినంగనే ఎవరు చేరుకున్నరో కింద తెలిసిపోవాలె, అందుకే రెండు వేర్వేరు. హ్యామ్ రేడియోల, అంటే లైసెన్సు తీసుకొని ఇష్టంతోని సొంతంగా నడిపే రేడియోల, మాత్రం లెక్క వేరు. వీయూ2, వీయూ3తో మొదలయ్యే కాల్ సైన్ లైసెన్సు ఉన్న మనిషిదే.

ఇగ మేడారం. ముందు సెట్టు సంగతి: లైసెన్సు లేకుండ వాడుకోవాలంటే 446.0–446.2 మెగాహెర్ట్జ్‌ల పనిచేసే తక్కువ పవర్ సెట్లే తీసుకోండ్రి. ఆన్‌లైన్‌ల దొరికిన ఏ సెట్టు పడితే అది కొంటే పోలీసోళ్ల చానల్‌కు అడ్డం పడొచ్చు. తాడ్వాయి అడవిల, జనం గుంపుల ఇవి ఎక్కువ దూరం పోవు. అందుకే గద్దెల కాడ 0, జంపన్న వాగు కాడ 1 పెట్టి, వాగు పొంటి ఉన్నోళ్లను 11, 12, 13 చేయండ్రి. 12 మాట 0కు వినబడకపోతే 1 అందుకొని చెప్పాలె. ప్లాటూన్, కంపెనీ లెక్కనే.

మాట ఇట్ల పోవాలె: "0, ఇది 12, ఓవర్." "12, ఇది 0, చెప్పు, ఓవర్." "తప్పిపోయిన పాప దొరికింది. వయసు ఐదు. ఎర్ర గౌను. వాగు రెండో మెట్ల కాడ ఉన్నది, ఓవర్." నువ్వు ఎవరిని పిలుస్తున్నవో వాళ్ల కాల్ సైన్ ముందు, నీది తర్వాత. అట్లయితే ఎవరిని పిలుస్తున్నవో వాడు చెవి పెడ్తడు.

అంకెల కాడనే ఎక్కువ తప్పులు జరుగుతయి. సెట్టు గరగరల ఇరవై, అరవై ఒక్క తీరుగనే వినబడ్తయి. పదిహేను, పదిహేడు కూడా అంతే. "రెండు, సున్నా" అని విడివిడిగా చెప్పి, అవతలోనితోని తిరిగి చదివించుకో. వినబడకపోతే "మళ్లీ చెప్పు" అను, "రిపీట్" అనకు. ఫిరంగుల నెట్‌ల రిపీట్ అంటే అవే గుండ్లు మళ్లీ కొట్టమని. "ఓవర్ అండ్ అవుట్" అని కూడా ఉండదు: ఓవర్ అంటే నీ జవాబు కోసం చూస్తున్న, అవుట్ అంటే మాట అయిపోయింది.

బటన్ నొక్కినంక ఒక్క సెకను ఆగి మాట్లాడు, లేకుంటే మొదటి మాట తెగిపోతది, ఆ తెగేది ఎక్కువసార్లు కాల్ సైనే. మైక్ నోటికి రెండు మూడు వేళ్ల దూరంల పెట్టు, ఏరియల్ నిటారుగా ఉంచు. జేబుల పెట్టుకుంటే బటన్ ఒత్తుకుపోయి నెట్ మొత్తం మూగబోతది. అందరికీ గరగర మాత్రమే వస్తుంటే ఎవరి సెట్టు మీద ఎర్ర లైటు ఆరకుండ వెలుగుతున్నదో వెతకండ్రి.

0 బ్యాటరీ అయిపోతే ఎవరు కంట్రోల్ అనేది పొద్దుగాల్నే చెప్పి పెట్టండ్రి. 1 అనుకుంటే 1. రెండుసార్లు పిలిచినా 0 పలకకపోతే, "అన్ని స్టేషన్లకు, ఇది 1, కంట్రోల్ నేను తీసుకుంటున్న, నెంబరు వరుసల జవాబియ్యండ్రి, ఓవర్" అనాలె. 11 ఐదు సెకన్లల పలకకపోతే 12 దాని కోసం చూడకుండ తన జవాబు ఇచ్చేయాలె.