నాన్న ఫైల్లో ఏముండాలి, ఏ తేదీ మర్చిపోకూడదు?

ప్రశ్న: మా నాన్నకు 66 ఏళ్లు. పదిహేనేళ్లుగా షుగర్, బీపీ. రెండేళ్ల క్రితం గుండెకు స్టెంట్ వేశారు. కాగితాలన్నీ మూడు క్యారీబ్యాగుల్లో ఉన్నాయి. పోయినేడాది కంటి పరీక్ష మర్చిపోయాం, ఇన్సూరెన్స్ కూడా గడువు దాటాక కట్టాం. ఒక పద్ధతిలో పెట్టుకునేదెలా? – ఓ పాఠకురాలు, ఖమ్మం

సలహా: ముందు ఆ సంచుల్లోంచి ఈసీజీలు బయటికి తీయండి. చాలావరకు అవి వేడికి నల్లబడే కాగితం మీద వస్తాయి. కొన్నేళ్లకు గీతలు వెలిసిపోతాయి, ప్లాస్టిక్ కవర్లో పెడితే ఇంకా త్వరగా. భద్రంగా ఉంటుందని లామినేషన్ చేయిస్తే ఆ వేడికి మొత్తం నల్లబడుతుంది. అందుకే వెంటనే జిరాక్స్ తీయించండి. రేపెప్పుడైనా ఛాతీ నొప్పని వెళ్తే, ఈసీజీలో కనిపించే మార్పు పాతదో కొత్తదో పాతదాంతో పోల్చి చూస్తేనే తేలుతుంది.

స్టెంట్ వేసినప్పటి డిశ్చార్జ్ సమ్మరీ, యాంజియోగ్రామ్ సీడీ, స్టెంట్ కార్డు ఎప్పటికీ పారేయకండి. పన్ను తీయించుకోవాలన్నా, ఏదైనా ఆపరేషన్ అన్నా రక్తం పలచబడే మందుల సంగతి తేల్చడానికి స్టెంట్ తేదీ కావాలి. ఆ మందులు సొంతంగా ఆపితే స్టెంట్‌లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది.

రక్తపరీక్షల రిపోర్టులు దాచడంతో సరిపెట్టకండి. ఒక రూళ్ల కాగితం మీద తేదీ, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), బీపీ, బరువు వరసగా రాయండి. క్రియాటినిన్ ఒక ఏడాది 0.8, మరుసటేడు 1.0, ఆపై 1.2 వచ్చిందనుకోండి. మూడూ ల్యాబ్ నార్మల్ లోపే ఉండొచ్చు, ఏ రిపోర్టులోనూ అది బోల్డ్‌లో కనిపించదు. పక్కపక్కన రాస్తేనే కిడ్నీ పని తగ్గుతోందేమోనన్న అనుమానం వస్తుంది. ఇంత పనికొచ్చే కాగితం ఫైల్లో ఇంకోటి ఉండదు.

ఫైలు తెరవగానే ఒకే పేజీ కనిపించాలి: జబ్బులు, స్టెంట్ తేదీ, పడని మందులు, ఇప్పుడు వాడుతున్న మందులు. మందుకు కంపెనీ పెట్టిన పేరుతోపాటు అందులోని మందు అసలు పేరు, మోతాదు, వేళ కూడా రాయండి. ఆస్పిరిన్ విడిగా ఒకటి, కాంబినేషన్ క్యాప్సూల్‌లో ఇంకొకటి, రెండూ వేసుకునేవాళ్లు ఉంటారు. మందు మారిన రోజే కొత్త పేజీ రాసి, పాతదాన్ని అడ్డంగా కొట్టేయండి.

ఇక తేదీలు. షుగర్ అదుపులో ఉంటే హెచ్‌బీఏ1సీ ఆరు నెలలకోసారి, లేకపోయినా మందు మారినా మూడు నెలలకోసారి. రెటీనా (కంటి వెనక పొర) పరీక్ష, మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్, క్రియాటినిన్, పాదాల పరీక్ష, ఫ్లూ టీకా ఏడాదికోసారి. డాక్టర్ ఇంకా తరచుగా రమ్మంటే ఆయన చెప్పినట్టే వెళ్లండి. ఏడాది పనులన్నీ ఒకే నెలలో పెట్టుకోండి. పింఛను ఉంటే, లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే నవంబరు బాగా గుర్తుంటుంది. కంటికి చుక్కలు వేశాక కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది, తోడు వెళ్లాలి.

అలారం సరిగ్గా ఆ రోజుకే పెడితే, పనిలో ఉండి ఆపేస్తారు, అంతటితో మర్చిపోతారు. రెండు వారాల ముందుకు, ‘అపాయింట్‌మెంట్ తీసుకోవాలి’ అని రాసి, మీ ఫోన్లోనూ నాన్నగారి ఫోన్లోనూ పెట్టండి. తర్వాతి తేదీని పరీక్ష నిజంగా చేయించిన రోజు నుంచి లెక్కేయండి.

ఇన్సూరెన్స్‌కు మాత్రం 60 రోజుల ముందే పెట్టుకోండి. కంపెనీ మారాలనుకుంటే రెన్యువల్‌కు కనీసం 45 రోజుల ముందు దరఖాస్తు చేయాలి. ఏడాది ప్రీమియానికి 30 రోజుల అదనపు గడువు ఉంటుంది. ఆలోపు కడితే పాలసీ కొనసాగుతుంది కానీ, కట్టని ఆ రోజుల్లో ఆస్పత్రిలో చేరితే క్లెయిమ్ రాదు. మీరు ఆలస్యంగా కట్టారు కాబట్టి, కొత్త పాలసీ కాగితంలో మొదటి పాలసీ తేదీ పాతదే ఉందో లేదో చూడండి. మారి ఉంటే వెంటనే కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి.

ఆరోగ్య రికార్డులు ఆన్‌లైన్‌లో ఉంచుకునే ప్రభుత్వ ఖాతా ఆభా, దాని 14 అంకెల నంబరు తీసుకుంటే మంచిదే. అయితే పాత కాగితాలు అందులోకి వాటంతటవే రావు, స్కాన్ చేసి పెట్టుకోవాల్సిందే. ఫైలు పేరులో ముందు ఏడాది, తర్వాత నెల, రోజు రాస్తే అవే వరసలో కూర్చుంటాయి.